మూడు పొట్లాల ఇసుక

ఆ రోజు నేను గిన్నె కడిగానా, లేదా?

పదకొండేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న నన్ను వదల్లేదు. పొద్దున దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుంటే ముందు ఆ ఉక్కు గిన్నె కనబడుతుంది. దాని అడుగున నల్లటి పొడి ఉందో లేదో మాత్రం కనబడదు. కళ్ళు మూసుకున్నవాడికి ఆయన ఏదైనా చూపిస్తాడంటారు. మరి ఇదొక్కటి ఎందుకు చూపించడో నాకు తెలియలేదు.

ఈ వారమే ఈ కథ చేతికందినవారు కూడా ఉంటారు కనుక, జరిగింది నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళతాను.

నా పేరు సన్యాసిరాజు. మాది పద్మనాభం. గోపాలపట్నంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఖనిజం నూరే పని. పోర్టులో ఓడకెక్కే సరుకులోంచి తీసిన నమూనా మాకు గోనెసంచుల్లో వస్తుంది. దాన్ని ముందు రవ్వలా చితక్కొడతాం. ఆ రవ్వలో కొంత చిన్న గుడ్డసంచిలో కట్టి, లక్క సీలు వేసి దాస్తాం. మిగతాది రింగ్ మిల్లులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి పైఅంతస్తులో కెమిస్టులకు పంపిస్తాం. ఒక నమూనా అయ్యాక ఇంకొకటి నూరేముందు గిన్నెలో తెల్ల ఇసుక పోసి మిల్లు తిప్పాలి. పాతదాని మిగులేదైనా ఉంటే ఇసుక లాగేస్తుంది. దాన్నే మేం గిన్నె కడగడం అంటాం. చుక్క నీళ్ళు తగలవు.

పదకొండేళ్ళ కిందట, సింహాచలంలో ఏడాదికొక్కసారి జరిగే నిజరూప దర్శనానికి ముందురోజు, నేను మాంగనీసు నూరుతున్నాను. ఆరింటిదాకా నా షిఫ్టు. నాలుగింటికే బయల్దేరితే మా ఆవిడ తాయారుతో కొండకింద క్యూలో ముందు నిలబడవచ్చు. సెలవడిగితే ఇవ్వరు. ఆరు తర్వాత షిఫ్టు కోటిది. "నువ్వెల్లు బావా, నాను సూసుకుంతాను. రెండు గంటలు నాకు బాకీ," అని నవ్వి, నాలుగింటికే వచ్చాడు. నేను వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం కోటి నూరిన ఇనుప ఖనిజంలో మాంగనీసు ఉండవలసినదానికంటే చాలా ఎక్కువ తేలింది. కొనేవాళ్ళు ఓడ సరుకు ధర తెగ్గొట్టారు. కోటి ఎవరి దగ్గరో లంచం తిని, కావాలని కలిపాడన్నారు. ఐదోరోజున అతన్ని పంపేశారు.

ఈమధ్య అతని కూతురు దుర్గ ల్యాబ్ గేటు దగ్గర నన్ను ఆపింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. అచ్యుతాపురంలో మావాళ్ళు కడుతున్న కొత్త ల్యాబ్‌కి ఇంటర్వ్యూకి వెళితే, దరఖాస్తులో తండ్రి పేరు చూసి మా చీఫ్ కెమిస్టు గురునాథరావుగారు కలం మూసేశారట. "మావయ్యా, మా నాన్న నిజంగా కలిపినాడా?" అని అడిగింది. నేను బస్సు వస్తోందని చెప్పి తప్పించుకున్నాను.

పాత ల్యాబ్ మూసేస్తున్నారు. స్టోరులో ఉన్న నమూనాలన్నీ సోమవారానికల్లా పారబోసి సంతకం పెట్టమని గురునాథరావుగారు నాకే పురమాయించారు. అటక మీద ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. అందులో సీలు చెదరని రవ్వ సంచి, కోటి చేత్తో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసిన మూడు కాగితం పొట్లాలు. తేదీ ఆ రోజుదే.

పోయిన వారం మీరు నన్ను ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నచోట వదిలారు. పొట్లాల్లో ఏముందో నాకు తెలుసు. గిన్నె కడిగిన ఇసుక. విప్పితే నా ప్రశ్నకు జవాబు.

తాయారు వచ్చి పక్కన కూర్చుంది. "విప్పవలసింది మీరు కాదు," అంది. "రేపు ఆదివారం. వెళ్ళి ఇచ్చేసి రండి."

* * *

జాలరిపేటలో కోటి ఇల్లు మారలేదు. వాకిట్లో పట్టా పరిచి అతని భార్య గురువమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు.

"కుర్సీ ఎయ్యే దుర్గా, రాజుగారొచ్చినారు. గోపాలపట్నం నుంచి పదకొండేళ్ళు నడిసొచ్చినారు. కాళ్ళు నొప్పెడతాయి."

నేను కొండ ప్రసాదం పొట్లం అందించాను. ఆమె చేతులు తుడుచుకుని తీసుకుంది, కళ్ళకద్దుకుంది. "దేవుడితో మాకు తగువు నేదు," అంది. ఎవరితో ఉందో చెప్పలేదు.

కోటి గడప మీద వల ఒళ్ళో వేసుకుని చిరుగులు అల్లుతున్నాడు. మనిషి సగమయ్యాడు. జుట్టంతా తెల్లబడింది. నా చేతిలో డబ్బా చూడగానే సూది ఆగింది.

"ఇది ఇంకా ఉన్నాదేటి."

"అటకమీదుంది. నాను విప్పలేదు కోటీ."

"ఏం, బయమా?"

"బయమే."

"మంచిదే. బయం అప్పుడుండాల్సింది రాజుగారూ."

ఒకప్పుడు ఆ నోట బావా తప్ప ఇంకో పిలుపు రాలేదు. ఇప్పుడు గారు పెట్టి పిలుస్తుంటే చెంప మీద కొట్టినట్టుంది. కుర్చీ చివర కూర్చున్నాను.

గిన్నె కడిగిన ఇసుక అందరం పారబోస్తాం. చిటికెడు పొట్లం కట్టి, రవ్వ సంచితోపాటు డబ్బాలో దాచడం కోటి ఒక్కడి అలవాటు. ఎన్నిసార్లు కడిగితే అన్ని పొట్లాలు. రిపోర్టులు వెళ్ళిపోయాక, వారం చివర, అన్నీ కలిపి విసిరేసేవాడు. "ఇసక మేడ కడతావేటి కోటీ," అని మేం నవ్వేవాళ్ళం. "వల ఎత్తినాక అడుగునేటి మిగిలిందో సూడకపోతే మా అయ్య ఈపు పగలగొట్టీవోడు," అనేవాడు. ఆ వారం చివరిదాకా అతన్ని ఉండనివ్వలేదు. అందుకే అవి మిగిలాయి.

దుర్గ లోపలినుంచి స్టీలు పళ్ళెం తెచ్చి గడప మీద పెట్టింది. తండ్రి వైపు చూసింది. అతను తలూపాడు. ఒకటో పొట్లం విప్పింది.

కాటుకలా నల్లగా ఉంది.

ఆడదాని కంటికి పెట్టే కాటుకంత నలుపు. తెల్ల ఇసుక అలా అవ్వాలంటే గిన్నెలో ఎంత మాంగనీసు మిగిలి ఉండాలో నాకు తెలుసు. బ్రష్షు కూడా పెట్టలేదన్నమాట. మూత తీసి, పొడి దులుపుకుని, అలాగే వదిలేసి పరుగెత్తాను. క్యూలో ముందు నిలబడాలని.

పదకొండేళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు పళ్ళెంలో ఉంది.

"నాను గిన్నె కడగలేదు," అన్నాను.

గురువమ్మ ఒక చేపను ఇటునుంచి అటు తిప్పింది. "ఇంతేనా? ఈ ముక్క ఇంత సిన్నదా? ఎంత పెద్దదో అనుకున్నాను, ఇన్నేళ్ళు గొంతు దాటి రానేదంటే."

దుర్గ రెండో పొట్లం విప్పింది. బూడిద రంగు. మూడోది విప్పింది. ఉప్పులా తెల్లగా మెరిసింది. సంచిలోంచి అప్పుడే తీసినట్టుంది.

ఆ పిల్ల పళ్ళేన్ని ఎండలోకి జరిపి వంగి చూసింది. "మూడుసార్లు కడిగినావు నాన్నా."

"నల్లగొస్తే ఊరుకుంతానేటి. తెల్లగొచ్చిందాకా తిప్పినాను."

"మరైతే నువ్వు నూరినప్పుడు గిన్నెలో మాంగనీసు నేదు."

"నేదు."

"రవ్వలో కూడా లేకపోతే, పైకెళ్ళిన పొడిలోకి ఎక్కడినుంచొచ్చింది?"

ఎంత మామూలు ప్రశ్న. పదకొండేళ్ళలో ఒక్కరం అడగలేదు. అందరి కళ్ళూ గిన్నె మీదే ఉన్నాయి. నా కళ్ళు కూడా. గిన్నె కడిగానా లేదా అని కుమిలిపోయేవాడికి, తప్పు ఇంకెక్కడో జరిగిందేమోనన్న ఆలోచనే రాదు. నా పాపం ఒక్కటే లోకంలో ఉన్న పాపం అనుకున్నాను. అది కూడా ఒక రకం గర్వమేనేమో.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు కోటీ, మూడుసార్లు కడిగానని?"

కోటి వల పక్కన పెట్టాడు. 

"సెప్పినాను. మూడుసార్లెందుకు కడిగినావు, ముందెవులు ఒగ్గేసినారు అని అడిగినారు. నాను నోరు మూసుకున్నాను. ఇంకోటడిగినారు. ఓడ కంపినీవోడు అయిదింటికి నన్ను మిల్లు కాడ సూసినాడంట. నీ షిఫ్టు ఆరింటికి గదా, రెండు గంటలు ముందొచ్చి ఏటి సేత్తన్నావు, ఎవులు తోలినారు, ఎంతిచ్చినారు అన్నారు. దానికేటి సెప్పాల? దేవుడి కాడికెల్లినోడి పేరు సెప్తే, సెలవు రాయకుండా ఎల్లినాడని ఆడి ఉద్యోగం పోద్ది. అదేదో ఆడే సెప్తాడులే అనుకున్నాను."

నేను తల దించుకున్నాను.

"మూడ్రోజులు గేటు బయట నిలబడినాను. నువ్వు లోపలికెల్లినప్పుడొకసారి, బయటికొచ్చినప్పుడొకసారి. నన్ను సూడకుండా ఎల్లడానికి నువ్వు పడ్డ కష్టం నాకిప్పటికీ గుర్తే. నీ బొట్టు కూడా గుర్తే. దర్సనం బాగా అయినట్టుంది అనుకున్నాను."

విచారణలో గురునాథరావుగారు నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. ఆరుదాకా నువ్వే ఉన్నావు కదా? ఉన్నానండి. గిన్నె శుభ్రంగానే అప్పజెప్పావు కదా? రోజూలాగే అప్పజెప్పానండి. ఆయన రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. అంతకు రెండ్రోజుల ముందే స్వామి నిజరూపం కళ్ళారా చూసి వచ్చాను. ఆయన నన్ను చూశాడో లేదో అప్పుడు ఆలోచించలేదు.

లేచి చేతులు జోడించబోయాను.

"దండాలెట్టకు," అన్నాడు కోటి. "కొండ మీద ఎట్టుకో. నాకు రావాల్సింది అది కాదు."

"ఏం కావాలో చెప్పు."

"నా రెండు గంటలు."

నాకు అర్థం కాలేదు. అతను రవ్వ సంచి చేతిలోకి తీసుకుని, లక్క మీద తన వేలిముద్రనీ, పక్కన ఓడ ఏజెంటు ముద్రనీ తడిమి చూసుకున్నాడు.

"రేపు సోమారం. ఇది పారబొయ్యమన్నాడు గదా మీ పెద్దాయన. నూరి పారబొయ్యొద్దని అన్నాడేటి? నాలుగు నుంచి ఆరు. ఆ మిల్లులోనే, ఆ గిన్నెలోనే. నాను కడిగినట్టు కడుగు, నాను నూరినట్టు నూరు. నాలుగు ప్యాకెట్లు కట్టు. ఆ రెండు గంటలు నావని రిజిస్టర్లో రాయి."

"ఆ గిన్నెలోనే నూరాలి మావయ్యా," అంది దుర్గ. "గిన్నె వల్ల కాదని తేలాలంటే అక్కడే తేలాలి. మంగళవారం మిల్లు తుక్కుకి పోద్దంట కదా. ఒక ప్యాకెట్టు నేను వేరే ల్యాబ్‌కి తీసుకెళ్తాను."

"అంత సులువు కాదమ్మా. గురునాథరావుగారికి తెలిస్తే..."

గురువమ్మ నవ్వింది. "అదిగో. ఎండలో ఆరెట్టినా పచ్చి పోలేదు సూడండి."

నేను సంచి తీసుకున్నాను.

* * *

సోమవారం నాలుగింటికి మిల్లు షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. మిగతావాళ్ళు పైన సామాను కడుతున్నారు. షెడ్డు వెనక కిటికీ రోడ్డు వైపు ఉంటుంది, ఇనుపచువ్వలతో. ఆ చువ్వలవతల కోటి నిలబడ్డాడు, పక్కన దుర్గ. లోపలికి రమ్మనే అధికారం నాకు లేదు. అతనూ అడగలేదు.

దుర్గ ఫోనులో వీడియో తీస్తుండగా సీలు విరిచాను. రవ్వని పళ్ళెంలో పరిచి వేడిపెట్టెలో పెట్టాను. అది ఆరేలోగా గిన్నె కడిగాను. ఇసుక పోసి, మూత బిగించి, మీట నొక్కాను. రింగ్ మిల్లు తిరిగితే షెడ్డు రేకులన్నీ దడదడలాడతాయి. పక్కమనిషి అరిచినా వినబడదు. ఆపి, మూత తీసి, పొట్లం కట్టి ఒకటి అని రాశాను. మళ్ళీ పోశాను.

"మూలకి బ్రష్షెట్టు," అన్నాడు కోటి చువ్వల్లోంచి. "అంచు కింద. ఆ, అక్కడే దాగుంతాది దొంగముండ."

నాకు ఈ పనిలో పాతికేళ్ళు. అయినా చెప్పించుకున్నాను. మూడోసారి ఇసుక తెల్లగా వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. అతను తలూపేదాకా రవ్వ ముట్టుకోలేదు.

సింహాచలంలో స్వామికి పూయడానికి సానల మీద చందనం అరగదీస్తారు. ఒకసారి దూరంనుంచి చూశాను. తొందరపడరు. నూరినంతసేపూ నాకు ఆ చేతులే గుర్తొచ్చాయి. ఇంత నిదానంగా నేను ఈ పని ఎప్పుడైనా చేశానా? ఆ రోజు ఇందులో పదోవంతు శ్రద్ధ ఈ గిన్నె మీద పెట్టి ఉంటే కొండ దాకా వెళ్ళవలసిన పనే లేదేమో.

పొడి ఇటుక ఎరుపులో వచ్చింది. జల్లెడ పట్టాను. దిగనిదాన్ని మళ్ళీ నూరాను. కాగితం మీద కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, నాలుగు ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టాను. అమ్మేవాడికొకటి, కొనేవాడికొకటి, ల్యాబ్‌కొకటి, తగువొస్తే తీర్పుకొకటి. ఎప్పుడూ ఉన్న పద్ధతే.

మూడో ప్యాకెట్టు మడుస్తుంటే తలుపు తెరుచుకుంది.

గురునాథరావుగారు. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. తిరుపతి వెళ్ళినప్పుడల్లా నాకు లడ్డూ తెచ్చిపెట్టేవారు.

"మిల్లు చప్పుడు వినబడింది. ఈ రోజు నూరేవేమీ లేవు కదా సన్యాసిరాజూ?"

ఆయన చూపు బల్ల మీది ఖాళీ గుడ్డసంచి మీద పడింది. విరిగిన లక్క మీద పడింది. తర్వాత కిటికీ మీద. చువ్వలవతల మనిషిని ఆయన గుర్తుపట్టారు.

ఆ నమూనా ఏదని ఆయన అడగలేదు. ఎవరు చెప్పారని అడగలేదు.

"రవ్వ మాత్రం మిగిలిందా?" అన్నారు.

నా చేతిలో కాగితం ఆగిపోయింది. రవ్వ మాత్రం. ఆ ఒక్కమాటతో పైఅంతస్తు నాకు కనబడింది. అక్కడికెళ్ళిన పొడిలో మాంగనీసు ఎలా చేరిందో, ఆ పొడి మిగలకుండా పోగొట్టిందెవరో ఆయనకు తెలుసు. దుర్గ ఫోను ఇంకా చువ్వల మధ్య అలాగే ఉంది.

ఆయన తలుపు మూసి గడియ పెట్టారు. చెయ్యి చాపారు. "ఆ ప్యాకెట్లు ఇలా ఇవ్వు. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది నీకు. ఇల్లు అప్పులో ఉంది. నీ సంతకం నా దగ్గరుంది, మర్చిపోకు. ఆరుదాకా నువ్వే ఉన్నావు. గిన్నె శుభ్రంగా అప్పజెప్పావు."

గోడ గడియారంలో ఆరుకి పన్నెండు నిమిషాలు తక్కువ.

నాకు భయం వేసింది. అబద్ధమెందుకు. స్వామిని తలుచుకున్నాను. ఎప్పట్లాగే గిన్నె కనబడింది. ఈసారి అడుగు కూడా కనబడింది, తెల్లగా.

"ఆరుదాకా ఇది కోటి షిఫ్టండి," అన్నాను. "నాది కాదు. ఆరు తర్వాత నన్ను అడగండి."

ఆయన చువ్వల మధ్య ఉన్న ఫోను వైపు చూసి, చాపిన చెయ్యి దించేశారు. మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. "సరే," అన్నారు నెమ్మదిగా. "పన్నెండు నిమిషాలే కదా."

నాలుగో ప్యాకెట్టు కట్టాను. లక్క కరిగించి నాలుగింటి మీదా పోశాను. కిటికీ దగ్గరికి తీసుకెళితే కోటి చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నాలుగింటి మీదా బొటనవేలు నొక్కాడు. లక్క వేడికి వేలు కాలే ఉంటుంది. తీయలేదు. ఒకటి దుర్గకు ఇచ్చాను, ఒకటి అతనికి. ల్యాబ్ వాటా తెచ్చి గురునాథరావుగారి ముందు బల్ల మీద పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. తీర్పు ప్యాకెట్టు నా జేబులో పెట్టుకున్నాను.

రిజిస్టర్ తెరిచాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు కోటి వంతు పని, చేసినది సన్యాసిరాజు అని రాశాను. దాని కింద పదకొండేళ్ళనాటి తేదీ వేసి, ఆ రోజు నాలుగింటికే గిన్నె కడగకుండా వెళ్ళిపోయినది నేను, నా బదులు ముందుగా వచ్చినది కోటి అని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ కిటికీకి ఆనించి పట్టుకున్నాను. దుర్గ ఫోటో తీసింది. కోటి పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చదువుకున్నాడు. చదివాక మళ్ళీ మొదటినుంచి చదివాడు.

గడియారం ముల్లు ఆరు మీదికి వచ్చింది.

"రెండు గంటలూ ముట్టినాయి బావా," అన్నాడు. "ఆ బాకీ తీరిపోనాది. పదకొండేళ్ళ ఊసు నాను అడగలేదు. అది నువ్వు తీర్సలేవు."

ప్యాకెట్టు లుంగీ మడతలో దోపుకుని, కూతురి భుజమ్మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చువ్వలు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. నా వెనక స్టూలు కాళ్ళు నేల మీద కిర్రుమన్నాయి.